నీళ్లు వాటంతటవే రాలేదు

రెండేళ్ల కిందట మా చెల్లెలి ఇంటి గృహప్రవేశం. భోజనాలయ్యాక దాని కూతురు మేడమెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. డిగ్రీ రెండో ఏడు పిల్ల. మాకు వరసకు బాబాయి అయ్యే ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆ పుస్తకం అందుకుని నాలుగు పేజీలు తిరగేశాడు. అది కుడి నుంచి ఎడమకు చదవాల్సిన పుస్తకమని కూడా ఆయనకు తట్టలేదు. “పెళ్లీడుకొచ్చావు, ఇంకా ఈ బొమ్మల పుస్తకాలేమిటే?” అని దాని ఒళ్లోకి విసిరేశాడు. అక్కడున్న వాళ్లందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ రాత్రి పిల్ల నా పక్కన పడుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “పెద్దమ్మా, తాతయ్య తిరగేసిన పేజీల్లో ఏముందో తెలుసా? ఒక చరిత్ర మాస్టారిని మాట మధ్యలో కాల్చేస్తున్నారు” అంది.

ఆ పుస్తకం ‘వన్ పీస్’ 41వ సంపుటం. తెల్లారేలోపు చదివాను. ఆ తర్వాత మొదటి సంపుటానికి వెళ్లి, ఒక్కటీ వదలకుండా చదువుకుంటూ వచ్చాను. ఆ రోజు నవ్విన నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఇది పిల్లల కాలక్షేపం కాదు. నీళ్లలో మునిగిన ఒక లోకంలో, ఆ ముంచిన చెయ్యి ఎవరిదో చెప్పడానికి వీల్లేదని శాసించిన రాజ్యం మీద పాతికేళ్లకు పైగా ఒక మనిషి వారం వారం వేస్తున్న అభియోగపత్రం. దీన్ని బొమ్మల పిచ్చి అని తీసిపారేసే వాళ్లతోనూ, దీనిలోంచి కొట్లాటలు మాత్రం ఏరుకుని మిగతాది పారబోసే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

ముందు ఆ 41వ సంపుటం సంగతి చెబుతాను.

ఓహారా అని ఒక దీవి. దాని నడుమ ఒక మహావృక్షం, ఆ చెట్టు తొర్రే గ్రంథాలయం. లోకం నలుమూలల నుంచీ పండితులు వచ్చి అక్కడ చదువుకుంటారు. వాళ్లు చేసిన నేరం ఒక్కటే, పాత రాళ్ల మీది రాత చదవడం. ఆ కథాలోకపు చరిత్రలో సరిగ్గా నూరేళ్లు ఖాళీ. ఎనిమిది వందల ఏళ్ల కిందట ముగిసిన ఆ నూరేళ్లలో ఏం జరిగిందో ఏ పుస్తకంలోనూ లేదు. పగలగొడితే పగలని, కాలిస్తే కాలని రాతిపలకల మీద ఎవరో చెక్కి పెట్టారు. వాటిని చదవడం మరణశిక్ష పడే నేరం. ఎందుకు నేరమైంది? ఓహారా పెద్దాయన ప్రొఫెసర్ క్లోవర్ దానికి జవాబు కనిపెట్టాడు. ఆ నూరేళ్లలో ఒక పెద్ద రాజ్యం ఉండేది, దాన్ని కూల్చిన వాళ్లే ఇవాళ ప్రపంచ ప్రభుత్వమని కూర్చున్నారు, అందుకే ఆ పుటలు చించేశారు. ఈ మాటలు ఆయన ఆ ఏలినవాళ్లకే నేరుగా వినిపిస్తాడు. కూలిన ఆ రాజ్యం పేరు చెప్పబోతాడు. పెదవి విప్పగానే తుపాకీ పేలుతుంది.

ఆ తర్వాత పది యుద్ధనౌకలు ఆ దీవిని కాల్చి బూడిద చేస్తాయి. ఈ కథ రాసి గీసే ఓడా ఇక్కడ వేసిన ఒక బొమ్మ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. చెట్టు అంటుకుంది. లోపలున్న పండితులు పారిపోవడం లేదు. కిటికీల్లోంచి పుస్తకాలను గుట్టలు గుట్టలుగా కింది చెరువులోకి విసురుతున్నారు. తాము కాలిపోయినా సరే, కాగితం తడిసినా సరే, నీళ్లలో పడితే ఎవరో ఒకరు ఎప్పటికైనా తీసుకుంటారని వాళ్ల ఆశ. అదే వేళ ఊరి జనాన్ని ఎక్కించుకుని బయల్దేరిన ఓడ మీద ఒక నౌకాధికారి ఫిరంగులు పేలుస్తాడు. జనంలో ఒక్క పండితుడు దాక్కుని ఉన్నా ఉండొచ్చని ఆయన అనుమానం, అంతే. మిగిలింది రాబిన్ అనే ఎనిమిదేళ్ల ఆడపిల్ల. దాని తలకు 7 కోట్ల 90 లక్షల వెల కట్టి, లోకానికే ప్రమాదమని ఫొటో వేసి అంటిస్తారు. దాని అసలు నేరం చదవడం వచ్చి ఉండటం.

ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి చేతుల్లో ఈ పేజీలు ఉన్నాయి. ఆయన తిరగేశాడు, విసిరేశాడు. చూడకుండానే తీర్పు చెప్పాడు. నా కోపం ఆయనొక్కడి మీద కాదు, ఆయనతో పాటు నవ్విన మా అందరి మీద. ‘చందమామ’ చదివి పెరిగిన తరం మాది. 1947 నుంచి ఆ పత్రిక మన ఇళ్లకు వచ్చింది. అందులోని బొమ్మలు చూడటానికి ముసలివాళ్లు కూడా కళ్లజోడు వెతుక్కునేవాళ్లు. బొమ్మ ఉంటే కథ చిన్నదైపోతుందని అప్పుడెవరూ అనలేదు. ఇప్పుడు ఎక్కణ్నుంచి వచ్చింది ఈ చిన్నచూపు? బొమ్మ వేరే దేశంలో గీశారనా? లేక ఆ పుస్తకం పట్టుకున్నది ఇరవై ఏళ్ల ఆడపిల్ల అనా?

తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎయిచిరో ఓడా ఈ కథ 1997 జూలై 22న ‘వీక్లీ షోనెన్ జంప్’ అనే జపాన్ వారపత్రికలో మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఇంకా గీస్తూనే ఉన్నాడు. 2022 నాటికే 50 కోట్ల ప్రతులు దాటింది. ఆ లోకమంతా సముద్రం. భూగోళం చుట్టూ గోడలా ఒకే ఒక ఎర్రరాతి ఖండం, తక్కిందంతా చెల్లాచెదురుగా దీవులు. గడ్డి టోపీ పెట్టుకున్న లఫీ అనే కుర్రాడు ఓడదొంగల రాజు కావాలని చిన్న పడవలో బయల్దేరతాడు. ఆ లోకం మన రేపటిదా, ఇంకెక్కడిదో అన్నది నాకు ముఖ్యం కాదు. తమకంటే ఎంతో ముందున్న ఒక నాగరికత మునిగిపోయాక, దాని శిథిలాల మీద బతుకుతున్న మనుషుల కథ అది.

ఇక ఆ సముద్రం. పాతికేళ్లకు పైగా పాఠకులు దాన్ని సాహసాల కోసం వేసిన రంగస్థలమనే అనుకున్నారు. ఓడదొంగల కథ కాబట్టి నీళ్లు ఉంటాయి, అందులో అడగాల్సిందేముంది అని. 2024లో ఓడా ఆ భ్రమ తీసేశాడు. వేగాపంక్ అనే శాస్త్రవేత్త తన గుండె ఆగిన క్షణం లోకమంతా వినపడేలా ఒక సందేశం రికార్డు చేసి పెడతాడు. చరిత్రలో చించేసిన ఆ నూరేళ్లలో సముద్రమట్టం 200 మీటర్లు పెరిగిందని చెబుతాడు. అంటే మీరు దీవులనుకుంటున్నవి దీవులు కావు, మునిగిన నేల మీద మిగిలిన కొండకొమ్ములు. అది ప్రకృతి చేసిన పని కాదు, మనుషులు చేసింది. అంతటితో ఆగలేదు. కొద్దిరోజుల కిందటే లులూసియా అనే రాజ్యాన్ని ఒక్క దెబ్బతో నామరూపాలు లేకుండా చేశారు. ఆ దెబ్బకు లోకమంతటా సముద్రం మరో మీటరు లేచింది. ఆ ఆయుధానికి కావలసిన శక్తిని తయారు చేసింది తానేనని కూడా వేగాపంక్ ఒప్పుకుంటాడు. తప్పు చేసిన మనిషి నోటితోనే నిజం చెప్పించడం చాలా గొప్ప రచయితలకు గాని తోచదు. అంతసేపూ ఏలినవాళ్లు ఏం చేస్తున్నారు? అతను చెప్పింది అబద్ధమని వాదించడం లేదు. ఆ గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి నొక్కేయడానికి వేగాపంక్ ఉన్న దీవి మొత్తం తిరగేస్తున్నారు. క్లోవర్‌ను కాల్చిన పద్ధతే. ఇరవై రెండేళ్లు గడిచినా మారలేదు.

కథ ముందే చెప్పేస్తున్నానని కోప్పడే వాళ్లుంటే కోప్పడండి. ఈ ముక్క దాచిపెట్టడానికి కాదు, దండోరా వేయడానికి పనికొచ్చేది.

మన భాషలో ఒక పాడు అలవాటుంది. ఉప్పాడ తీరంలో ఇళ్లు కూలినా, తుఫాను ఊళ్లను ముంచినా మర్నాడు శీర్షిక ఒకటే రకం. కడలి ఆగ్రహం. ప్రకృతి ప్రకోపం. సముద్రుడికి కోపమొచ్చిందంటే ఇక అడగాల్సిన వాళ్లెవరూ మిగలరు. దేవుడి మీద కేసు పెట్టలేం కదా. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం 2021 నివేదికలో లెక్క చెప్పింది. బొగ్గు, చమురు మండించడం వల్ల భూమి వేడెక్కుతుందని 1977లోనే ఎక్సాన్ కంపెనీ సొంత శాస్త్రవేత్త పై అధికారుల ముందు కూర్చుని చెప్పాడు. 1982 నాటి ఆ కంపెనీ లోపలి పత్రాల్లో వేడి ఎంత పెరుగుతుందో గీతలు గీసి మరీ ఉంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు బయటి జనానికి అదే కంపెనీ చెప్పిన మాట, ఇంకా ఏమీ తేలలేదని. ఆ రాతిపలకలు కథలో ఉన్నాయని నవ్వుకునే వాళ్లు ఈ కాగితాలను ఏమంటారు?

ఫ్లెవాన్స్ సంగతి చెప్పకపోతే నా వాదన సగమే. నా మటుకు నాకు మొత్తం ‘వన్ పీస్’లో అన్నిటికంటే భయంకరమైన ఊరు అది. తెల్లని ఊరు. నేలలో తెల్లసీసం లాంటి ఒక ఖనిజం, గోడలు తెల్లన, చెట్లు తెల్లన, మెరిసిపోతూ ఉంటుంది. దానితో పాత్రలు చేశారు, పూతలు చేశారు, ఊరు బలిసింది. ఆ ఖనిజం విషమని తవ్వకాల నాటికే రాజుకూ ప్రభుత్వానికీ తెలుసు. డబ్బు కోసం దాచారు. విషం తరం నుంచి తరానికి దిగి, పిల్లల ఆయుష్షు తగ్గుతూ వచ్చి, ఒకనాడు ఊరంతా ఒక్కసారే తెల్లమచ్చలతో రాలిపోవడం మొదలుపెట్టింది. రాజకుటుంబం పారిపోయింది. అంటురోగమని పొరుగు రాజ్యాలు సరిహద్దులు మూసేసి, దాటబోయిన వాళ్లను కాల్చేశాయి. ట్రఫాల్గర్ లా అనే పదేళ్ల పిల్లాడు శవాల గుట్టలో దాక్కుని బయటపడతాడు. వాడి నాన్న వైద్యుడు. అది అంటురోగం కాదు, విషమని మొత్తుకుంటూనే చచ్చిపోతాడు.

ఓడా 1975 జనవరి 1న కుమామోతోలో పుట్టాడు. మినమాటా ఆ కుమామోతో జిల్లాలోనే ఉంది. చిస్సో అనే రసాయనాల కంపెనీ పాదరసం కలిసిన మురుగును అక్కడి సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చాయి, తర్వాత మనుషుల కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. 1956 మే 1న ఆ జబ్బు అధికారికంగా నమోదైంది. మొదట్లో అంటురోగమని ఆ కుటుంబాలను వెలేసినట్టు చూశారు. 1959లో కంపెనీ ఆసుపత్రి వైద్యుడు హోసోకావా ఫ్యాక్టరీ మురుగునీటిని మేతలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు. దాని నంబరు 400. ఆ పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. కారణం ఫలానా కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 సెప్టెంబరు దాకా పట్టింది. అన్నేళ్లూ మురుగు పారుతూనే ఉంది. 1973 మార్చిలో కుమామోతో కోర్టు కంపెనీదే తప్పని తీర్పిచ్చింది. ఓడా పుట్టడానికి దాదాపు రెండేళ్ల ముందు.

మినమాటాను మనసులో పెట్టుకునే ఫ్లెవాన్స్ గీశాడని నేను అనడం లేదు. ఆయన మనసులో ఏముందో ఆయనకే ఎరుక. నేననేది వేరు. తెలిసీ దాచడం, జబ్బుపడ్డ వాళ్లనే వెలివేయడం, నిజం చెప్పిన వైద్యుడి నోరు మూయడం, ఈ మూడూ ఒకే వరసలో వచ్చిన నేల మీద పుట్టిన మనిషి రాసిన కథ ఇది. దాన్ని చేతిలోకి తీసుకుని “పిల్లల బొమ్మలు” అనడానికి నోరెలా వస్తుంది?

దీన్ని నిజంగానే పిల్లల బొమ్మలుగా మార్చాలని చూసిన వాళ్లున్నారు. 2004లో అమెరికాలో 4కిడ్స్ అనే సంస్థ టీవీ సీరియల్ హక్కులు కొని కత్తెర పట్టుకుంది. లఫీ ఓడలోని వంటవాడు సాంజీ నోట్లో సిగరెట్టు తీసి లాలీపాప్ పెట్టారు. తుపాకులను ఆటబొమ్మలుగా మార్చారు. పెంచిన తల్లి బెల్‌మెర్‌ను పిల్లల కళ్ల ముందు కాల్చి చంపే ఘట్టం ఉంటే, ఆవిడను చెరసాలలో వేశారన్నట్టు మార్చారు. 143 భాగాలను 104కు కుదించారు. జనం మొహం మీద కొట్టినట్టు తిప్పికొట్టారు, 2006 డిసెంబరుకల్లా వాళ్లు దుకాణం సర్దుకున్నారు. జపాన్ టీవీ వాళ్లు కూడా నిర్దోషులు కారు. తిండి లేక రాతిగుట్ట మీద 85 రోజులు చిక్కుకున్నప్పుడు, జెఫ్ అనే ముసలి ఓడదొంగ ఉన్న తిండంతా చిన్నపిల్లాడికి వదిలేసి తన కాలు తానే కోసుకు తిన్నాడని ఓడా గీశాడు. టీవీలో దాన్ని గొలుసులో ఇరుక్కుని పోయిన కాలుగా మార్చేశారు. ఆకలి అంటే ఏమిటో చెప్పే ఆ ఒక్క పేజీని భరించలేకపోయారు. పిల్లల్ని కాపాడుతున్నామనే పేరుతో పిల్లలకు అబద్ధం చెప్పడం ఇది. చావును చెరసాలగా మార్చి చూపిస్తే ఆ పిల్లలు రేపు పేపర్లో చావు వార్త ఎలా చదవాలి?

అభిమానులకూ ఒక మాట. మీలో చాలామంది ఈ కథను తలల వెలల పట్టికగా చదువుతున్నారు. ఎవడి బలం ఎంత, ఎవడు ఎవణ్ని కొడతాడు, లఫీ కొత్త రూపం ఎంత తెల్లగా ఉంది. గంటలు గంటలు వీడియోలు. వాటర్ సెవెన్ అనే ఊరి మీద అందులో పావుగంట కూడా ఉండదు. ఆ ఊరు ఏటేటా కుంగుతోంది. ఏడాదికోసారి వచ్చే పెద్ద పోటుకు కింది వీధులు మునుగుతాయి, జనం పాత ఇళ్ల మీదే కొత్త ఇళ్లు కట్టుకుంటూ పైకి పోతుంటారు. ఓడల మేస్త్రి టామ్ నీళ్ల మీద నడిచే రైలు చేసి చితికిపోతున్న ఊరికి ఊపిరి పోశాడు. అతన్ని బంధించి తీసుకుపోయింది ఎందుకు? ఒకప్పుడు ఓడదొంగల రాజుకు ఓడ కట్టి ఇచ్చాడని ముందొక కేసు, దాని మాఫీ చేతికందే రోజున కావాలని అంటగట్టిన ఇంకొకటి. అతని శిష్యుడు ఐస్‌బర్గ్ ఆ ఊరి మేయరయ్యాడు. మునిగే ఊరిని మొత్తంగా ఎత్తి ఓడలా నీళ్ల మీద తేలించాలన్నది అతని పథకం. మునుగుతున్న ఊరికి మేయరంటే ఏం ఆలోచించాలో ఇంతకంటే బాగా చెప్పిన కథ ఈ మధ్య నేను చదవలేదు. అది వదిలేసి గుద్దులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మీకూ ఆ మేడమెట్ల దగ్గర నవ్విన మాకూ తేడా ఏముంది?

లోపాలు లేవని నేను అనను. ఆడవాళ్ల ఒళ్లు గీసే తీరు నాకు మొదటి నుంచీ రోత. సన్నటి నడుము, ఒకే అచ్చు, ఇరవై ఏళ్లయినా మారలేదు. ఓహారా గురించి అంత రాసిన చేయి రాబిన్‌కు ఆ బట్టలు వేయడం నాకు మింగుడు పడదు. డ్రెస్‌రోజా కథ సాగి సాగి వంద అధ్యాయాలు నడిచింది, సగంలో తెగ్గొట్టి ఉంటే బాగుండేది. కొట్లాటలు చాలాచోట్ల కథను తినేస్తాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా నా మాట మారదు.

జెండా సంగతి వేరు. 2025 ఆగస్టులో ఇండోనేషియాలో లారీ డ్రైవర్లు, విద్యార్థులు, మామూలు ఇళ్లవాళ్లు స్వాతంత్ర్య దినానికి ముందు లఫీ ఓడ మీది గడ్డి టోపీ పుర్రె జెండా ఎగరేశారు. జాతీయ జెండాను కించపరిస్తే కేసులు తప్పవని ఒక మంత్రి హెచ్చరించాడు. సెప్టెంబరులో నేపాల్‌లో కుర్రకారు అదే జెండా పట్టుకుని రోడ్డెక్కారు. 8వ తేదీన తూటాలకు 19 మంది చచ్చిపోయారు, మర్నాడు ప్రభుత్వ కార్యాలయాలుండే సింహదర్బార్ తగలబడుతుంటే గేటుకు ఆ జెండా వేలాడింది. ఆ నెలలోనే మడగాస్కర్‌లో నీళ్లూ కరెంటూ లేక రోడ్డెక్కిన పిల్లలు ఆ పుర్రెకు తమ ఊరి టోపీ పెట్టుకున్నారు. తగలబెట్టడాన్ని నేను మెచ్చుకోవడం లేదు. మంటల్లో పోయింది కాగితాలూ, మనుషులూ కూడా. ఓహారా చదివిన వాళ్లెవరూ మంటను మెచ్చుకోలేరు. అయినా మూడు దేశాల్లో, మూడు భాషల పిల్లలు తమ కోపానికి ఒకే బొమ్మను ఎంచుకున్నారంటే దాని వెనక ఏం చదువుకున్నారో పెద్దవాళ్లు ఒక్కసారైనా కూర్చుని చూడాలి. చూడకుండా “కార్టూన్ జెండా” అన్న ప్రతి అధికారికీ మా బాబాయి మొహమే నాకు కనిపించింది.

తెలుగు ప్రచురణకర్తలారా, ఇది మీకు. ఇంగ్లిషు సంపుటాలు మన పుస్తకాల షాపుల్లో పిల్లల అరలో, రంగు పెన్సిళ్ల పక్కన పడి ఉన్నాయి. కొనేది ఇంగ్లిషు వచ్చిన ఇళ్ల పిల్లలే. సముద్రం ఊళ్లను తినే తీరం మనది. ఆ తీరంలో చేపలు పట్టే ఇంటి పిల్లాడికి ఈ కథ సొంత భాషలో దొరకాలి. ఓడా దగ్గరికి ఒంటరిగా వెళ్లి బేరమాడే బలం మీలో ఒక్కొక్కరికీ లేకపోవచ్చు, కలిసి అడగండి. ‘చందమామ’ను పన్నెండు భాషలకు పైగా పంపిన వాళ్లం, ఒక భాష నుంచి తెచ్చుకోలేమా?

ఇంట్లో పెద్దవాళ్లారా, మీ పిల్ల చేతిలో ఈ పుస్తకం కనిపిస్తే లాక్కోకండి, అడిగి తీసుకోండి. 41వ సంపుటం. కుడి వైపు నుంచి మొదలుపెట్టండి. క్లోవర్ మాట్లాడుతున్న పేజీకి వచ్చేసరికి మెల్లగా చదవండి, ఆయన ఆ రాజ్యం పేరు చెప్పడం పూర్తి చేయడు.